పక్షవాతం తరువాత నడక: ఏ యంత్రం ఎవరికి, ఏ దశలో

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరే సమయానికి, కుటుంబ సభ్యులు ఫిజియోథెరపిస్ట్‌ను అడిగే ప్రశ్నలు చాలావరకు యంత్రాల చుట్టూనే తిరుగుతాయి. రోబో మీద నడిపిస్తే త్వరగా నడుస్తారా, ట్రెడ్‌మిల్ కొని ఇంట్లో పెట్టుకుంటే సరిపోతుందా, కాలికి కరెంటు పెట్టే పరికరం నిజంగా పనిచేస్తుందా అని అడుగుతారు. ఈ ప్రశ్నల్లో తప్పేమీ లేదు గానీ, వీటికంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఆ మనిషి ఈ రోజు ఎంత నడవగలుగుతున్నారు, ఎవరి ఆసరాతో, ఎంత వేగంతో నడుస్తున్నారు? సొంతంగా అడుగు వేయలేని వ్యక్తికి ఎంతో మేలు చేసే యంత్రమే, నాలుగు అడుగులు వేయగలిగిన వ్యక్తి ప్రగతికి అడ్డం కావచ్చు. ఈ వ్యాసంలో పోలిక మొత్తం ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ముందుగా కొలత

"కొంచెం కొంచెం నడుస్తున్నారు" అన్న మాట ఆధారంగా ఏ పరికరాన్నీ ఎంచుకోలేము. నడకలో ఒక వ్యక్తి ఇతరుల మీద ఎంత ఆధారపడుతున్నారో ఫిజియోథెరపిస్టులు 0 నుంచి 5 వరకు ఉన్న ఒక కొలమానంతో లెక్కిస్తారు. అసలు నడవలేకపోయినా, నడవడానికి ఇద్దరు మనుషులు పట్టుకోవలసి వచ్చినా అది 0. ఒక మనిషి గట్టిగా, విడవకుండా పట్టుకుంటే 1. తూలినప్పుడు ఆసరాగా చెయ్యి ఆనిస్తే చాలనుకుంటే 2. ముట్టుకోనక్కరలేదు గానీ పక్కన ఒకరు ఉండాలంటే 3. చదునైన నేల మీద ఒంటరిగా నడవగలిగితే 4. మెట్లు, ఏటవాలు, ఎగుడుదిగుడు నేల కూడా సొంతంగా దాటగలిగితే 5. ఈ ఒక్క అంకె తెలిస్తే ఎంపికలో సగం పని అయిపోయినట్లే.

ఎవరి సాయమూ లేకుండా నడవగలిగినవారికి రెండో కొలత వేగం. దీన్ని ఇంట్లోనే తీసుకోవచ్చు. చదునైన వసారాలో 14 మీటర్లు కొలిచి, మొదటి 2 మీటర్లు, చివరి 2 మీటర్లు వదిలేసి, మధ్యలోని 10 మీటర్లకు రెండు చివర్లా నేల మీద టేపు ముక్కలు అతికించాలి. మనిషి తన మామూలు వేగంతో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తుండగా, ముందు కాలు మొదటి టేపు దాటిన క్షణం నుంచి రెండో టేపు దాటిన క్షణం వరకు స్టాప్‌వాచ్‌తో సమయం చూడాలి. 10 మీటర్లకు 25 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.4 మీటర్లు, 12.5 సెకన్లు పడితే 0.8 మీటర్లు. ఈ రెండు అంకెలనే ఎందుకు చెబుతున్నానంటే, 1995లో వెలువడిన ఒక ప్రసిద్ధ వర్గీకరణ ప్రకారం 0.4 కంటే తక్కువ వేగం ఉన్నవారి నడక ఎక్కువగా ఇంటి నాలుగు గోడలకే పరిమితమవుతుంది, 0.4 నుంచి 0.8 మధ్య ఉన్నవారు బయటికి కొద్ది మేరకు వెళ్లగలుగుతారు, 0.8 దాటినవారు వీధిలో పెద్ద ఇబ్బంది లేకుండా తిరగగలుగుతారు. ఓర్పును కొలవడానికి ఆరు నిమిషాలలో ఎంత దూరం నడిచారో చూసే పరీక్ష వేరే ఉంది. వీలైతే అది కూడా చేయించుకోవాలి, ఎందుకంటే 10 మీటర్లు చురుగ్గా నడిచి మూడో నిమిషానికే కుర్చీ కోసం వెతుక్కునేవారు చాలామంది ఉంటారు.

మూడో విషయం, నడక ఎక్కడ చెడుతోంది అన్నది. పక్క నుంచి, వెనక నుంచి నిలబడి చూస్తే కొన్ని సంగతులు మామూలు కంటికే తెలుస్తాయి. కాలు ముందుకు తెచ్చేటప్పుడు బొటనవేలు నేలకు రాసుకుంటోందా? బరువు మోపగానే మోకాలు ముందుకు కుప్పకూలుతోందా, లేక వెనక్కి బిగుసుకుపోతోందా? కాలు ఎత్తలేక తుంటి పైకి లాగి, కాలిని పక్క నుంచి అర్ధవృత్తంలా తిప్పి తెస్తున్నారా? లేక నడక తీరు బాగానే ఉన్నా ఆయాసంతో ఆగిపోతున్నారా? ఒక్కో లోపానికి ఒక్కో పరికరం సరిపోతుంది. ఆయాసంతో ఆగిపోయేవారికి పాదాన్ని ఎత్తే పరికరం తగిలించినా, పాదం ఈడ్చుకుపోయేవారిని ఊరికే ట్రెడ్‌మిల్ ఎక్కించినా చేతికి వచ్చేది నిరాశే.

చివరగా, పక్షవాతం వచ్చి ఎంతకాలం అయింది అన్నది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లో జరుగుతుంది. ఆ తరువాత కూడా మెరుగుదల సాధ్యమే గానీ దానికి కావలసిన శ్రమ పెరుగుతుంది. అలాగని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదన్న నమ్మకం కూడా సరికాదు. 2015లో ఫలితాలు వెలువడిన అవెర్ట్ అనే పెద్ద అధ్యయనంలో 2104 మంది రోగులు పాల్గొన్నారు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే మంచం దింపి, తరచుగా, ఎక్కువ మోతాదులో కదలించినవారికి మూడు నెలల తరువాత ఫలితం మామూలు సంరక్షణ పొందినవారికంటే కొంచెం వెనకబడే ఉందని అందులో తేలింది. కాబట్టి మొదటి ఒకటి రెండు రోజుల్లో యంత్రాల మాట ఎత్తవలసిన అవసరమే లేదు.

యంత్రం ఎందుకు అవసరమవుతుంది

మెదడు నడకను తిరిగి నేర్చుకునేది నడవడం ద్వారానే, అదీ చాలా ఎక్కువ సార్లు నడవడం ద్వారా. మంచం మీద పడుకుని కాలు పైకి ఎత్తించే వ్యాయామాలు కండరానికి బలం ఇవ్వవచ్చు గానీ, ఆ బలం దానంతట అదే నడకగా మారిపోదు. అమెరికా, కెనడాలలోని పునరావాస కేంద్రాలను గమనించి 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, నడక సాధన జరిగిన ఒక్కో చికిత్సా సమయంలో రోగి వేసిన అడుగులు సగటున 357 మాత్రమేనని తేలింది. మామూలుగా తిరిగే మనిషి రోజుకు వేసే వేలాది అడుగుల పక్కన పెడితే ఇది ఏ మూలకూ చాలదు. మనిషిని ఇద్దరు పట్టుకుని నడిపిస్తే, పట్టుకున్నవారి నడుములు అలసిపోయేంత వరకే సాధన సాగుతుంది. యంత్రం విలువ ఇక్కడే ఉంది: పడిపోతామన్న భయం లేకుండా, పట్టుకునేవారి అలసటతో సంబంధం లేకుండా, అడుగుల సంఖ్యను వందల నుంచి వేలకు తీసుకుపోగలదు.

అయితే అడుగులు వేసినది రోగి కాలా, యంత్రం మోటారా అన్నది కూడా అంతే ముఖ్యం. ఏ పరికరాన్ని పరిశీలించినా ఈ రెండు ప్రశ్నలు పక్కపక్కన పెట్టుకోవాలి. అడుగులు ఎన్ని పెరిగాయి, వాటిలో రోగి శ్రమ ఎంత?

రోబో యంత్రాలు

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో, మనిషిని పైనుంచి హార్నెస్‌తో (ఒంటికి బిగించే పట్టీల తొడుగుతో) వేలాడదీసి, కాళ్లకు బయట నుంచి ఒక లోహపు చట్రాన్ని పట్టీలతో బిగిస్తారు; కింద ట్రెడ్‌మిల్ కదులుతుంటే, ఆ చట్రంలోని మోటార్లు తుంటినీ మోకాలినీ నడక తీరులో వంచి చాపుతాయి. స్విట్జర్లాండ్‌లో తయారైన లోకోమాట్ ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. రెండో రకంలో కాళ్లకు చట్రం ఉండదు. పాదాలను రెండు పలకల మీద ఉంచితే, ఆ పలకలే నడకలో పాదం కదిలే దారిలో కదులుతాయి. మోకాలిని అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత ఇందులో కొంతవరకు రోగికే వదిలేస్తారు, అవసరమైతే థెరపిస్ట్ చేత్తో సాయం చేస్తారు.

రోబోల గురించి వచ్చిన ఆధారాలు పైపైన చూస్తే ఒకదానికొకటి పొసగనట్లు కనిపిస్తాయి. వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్షలో 62 అధ్యయనాలు, 2440 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. ఫిజియోథెరపీతో పాటు యంత్ర సహాయంతో నడక సాధన చేసినవారు, యంత్రం లేకుండా చేసినవారికంటే ఇతరుల ఆసరా లేకుండా నడిచే స్థితికి చేరే అవకాశం ఎక్కువగా ఉందని ఆ సమీక్ష చెప్పింది. మరోవైపు 2008లో, పక్షవాతం వచ్చి చాలాకాలమై, అప్పటికే నడుస్తున్న 48 మందితో చేసిన అధ్యయనంలో, రోబో సాయం పొందినవారికంటే థెరపిస్ట్ చేతి సాయంతో సాధన చేసినవారి వేగమే ఎక్కువగా పెరిగింది. 2009లో 63 మందితో చేసిన మరో అధ్యయనంలో కూడా లోకోమాట్ మీద సాధన చేసినవారికంటే మామూలు నడక శిక్షణ పొందినవారే వేగంలోనూ దూరంలోనూ ముందున్నారు.

ఈ రెంటినీ కలిపి చదివితే చిక్కు విడిపోతుంది. కోక్రేన్ సమీక్ష ప్రకారం యంత్రం వల్ల ఎక్కువ లాభపడేది మొదటి మూడు నెలల్లో ఉన్నవారు, సాధన మొదలుపెట్టేటప్పటికి నడవలేని స్థితిలో ఉన్నవారు. వారికి రోబో లేకపోతే ప్రత్యామ్నాయం అడుగులు అసలు లేకపోవడమే. ఇప్పటికే నడుస్తున్నవారి పరిస్థితి వేరు. చట్రం కాలిని తీసుకుపోతుంటే కాలు ఊరికే వెంట వెళ్లిపోతుంది. తూలితే సర్దుకోవలసిన అవసరం రాదు, అడుగు తప్పే అవకాశం ఉండదు, తప్పు జరగకపోతే మెదడు దిద్దుకునేది కూడా ఏమీ ఉండదు. అందుకే అమెరికా ఫిజికల్ థెరపీ సంఘం 2020లో వెలువరించిన మార్గదర్శకాలు, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటి, నడవగలుగుతున్నవారికి వేగం, దూరం పెంచే ఉద్దేశంతో రోబో శిక్షణ వాడవద్దని సూటిగానే చెప్పాయి.

ఒక రోబో కేంద్రాన్ని చూడటానికి వెళితే, యంత్రం తెర మీద కనిపించే రంగురంగుల బొమ్మలను కాసేపు పక్కన పెట్టి రోగి ముఖాన్ని గమనించండి. కాళ్లు లయగా, అందంగా కదులుతుంటాయి. పైన మనిషి మాత్రం గోడ గడియారం వైపు చూస్తూ ఉంటారు, నుదుట చిన్న చెమట చుక్క కూడా ఉండదు. థెరపిస్ట్ అనుమతితో తొడ ముందు కండరం మీద చెయ్యి వేసి చూడండి. కాలు నేల మీద మోపిన క్షణంలో ఆ కండరం బిగుసుకుంటే రోగి పని చేస్తున్నట్లు, మెత్తగా ఉండిపోతే మోటారే పని చేస్తున్నట్లు. మంచి థెరపిస్ట్ వారం వారం యంత్రం ఇచ్చే సాయాన్ని తగ్గిస్తూ, హార్నెస్ మోసే బరువును తగ్గిస్తూ, వేగాన్ని పెంచుతూ పోతారు. మొదటి రోజు పెట్టిన అంకెలే నెల తరువాత కూడా అలాగే ఉన్నాయంటే ఆ శిక్షణ ఆగిపోయినట్లే లెక్క.

మరో సంగతి: గంట సమయం కేటాయించారంటే గంట నడిచినట్లు కాదు. హార్నెస్ తొడిగి, కాలి పొడవుకు చట్రాన్ని సర్ది, పట్టీలు బిగించి, చివర్లో అన్నీ విప్పేసరికి చాలా సమయం పోతుంది. అసలు నడిచింది ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగులు అని యంత్రమే నమోదు చేస్తుంది కాబట్టి ఆ లెక్క అడిగి తీసుకోవాలి. కీళ్లు బిగుసుకుపోయి చాపలేని స్థితిలో ఉన్నవారికి, ఎముకలు బాగా గుల్లబారినవారికి, పట్టీలు ఒరుసుకునే చోట పుండ్లు ఉన్నవారికి, రక్తపోటు అదుపులో లేనివారికి ఈ యంత్రాలు పనికిరావు. ప్రతి యంత్రానికీ శరీర బరువు, తొడ పొడవు విషయంలో పరిమితులు కూడా ఉంటాయి. దూరం నుంచి బయలుదేరి వెళ్లేముందే అవి కనుక్కోవడం మంచిది.

ఒంటికి తొడుక్కుని నేల మీదే నడిచే రోబో సూట్లు కూడా ఉన్నాయి. అవి చూడటానికి ఆశ్చర్యంగా ఉంటాయి గానీ, బరువైనవి, పక్కన శిక్షణ పొందిన మనిషి తప్పనిసరి. సూత్రం మాత్రం పైన చెప్పినదే కాబట్టి వాటి గురించి విడిగా చెప్పవలసినది పెద్దగా లేదు.

ట్రెడ్‌మిల్

రోబోతో పోలిస్తే ట్రెడ్‌మిల్ సాదాసీదా వస్తువు. ఇప్పటికే నడవగలుగుతున్నవారికి మాత్రం, నా అభిప్రాయంలో, ముందుగా చూడవలసిన పరికరం ఇదే. దీన్ని రెండు విధాలుగా వాడతారు: హార్నెస్‌తో శరీర బరువులో కొంత భాగాన్ని పైనుంచి మోస్తూ, లేదా బరువు ఏమీ తగ్గించకుండా. 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 56 అధ్యయనాలను, 3105 మందిని పరిశీలించి, ట్రెడ్‌మిల్ శిక్షణ వల్ల నడక వేగం సగటున సెకనుకు 0.06 మీటర్లు, ఆరు నిమిషాల నడక దూరం సుమారు 14 మీటర్లు ఎక్కువ పెరిగిందని చెప్పింది. ఆ లాభం కూడా ప్రధానంగా మొదటి నుంచే నడవగలిగినవారిలో కనిపించింది. నడవలేనివారిని సొంతంగా నడిచేలా చేయడంలో ట్రెడ్‌మిల్ ఇతర పద్ధతులకంటే మెరుగని తేలలేదు. సగటు లాభం ఇంత చిన్నదిగా ఉండటానికి కారణం ఆ యంత్రాన్ని ఎలా వాడారన్నదానిలో కూడా ఉందని నేను అనుకుంటాను. రెండు మూడు అధ్యయనాలు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

2011లో ఫలితాలు వచ్చిన లీప్స్ అధ్యయనంలో 408 మందిని మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి పక్షవాతం వచ్చిన రెండు నెలలకు, మరో బృందానికి ఆరు నెలలకు హార్నెస్‌తో ట్రెడ్‌మిల్ శిక్షణ ఇచ్చారు. మూడో బృందానికి ఫిజియోథెరపిస్ట్ ఇంటికే వెళ్లి కాళ్ల బలానికీ, నిలకడకూ వ్యాయామాలు చేయించారు. ఏడాది గడిచాక చూస్తే మొత్తం మీద 52 శాతం మంది నడక స్థాయిలో మెరుగయ్యారు, మూడు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ట్రెడ్‌మిల్ శిక్షణ సమయంలో తల తిరగడం వంటి ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయి. తీవ్రమైన బలహీనత ఉన్నవారిలో, త్వరగా శిక్షణ మొదలుపెట్టిన బృందం ఒకటికంటే ఎక్కువ సార్లు పడిపోవడం కూడా ఎక్కువగా కనిపించింది. ఖరీదైన యంత్రం అందుబాటులో లేదని దిగులుపడే కుటుంబానికి ఇంతకంటే ఊరట కలిగించే ఫలితం మరొకటి లేదు. ఇంటి దగ్గరే క్రమం తప్పకుండా, కష్టాన్ని పెంచుకుంటూ చేసిన వ్యాయామం హార్నెస్ ట్రెడ్‌మిల్‌కు ఏమాత్రం తీసిపోలేదు.

అయితే అక్కడితో ట్రెడ్‌మిల్ కథ అయిపోలేదు. 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పక్షవాతం వచ్చి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు అయిన 55 మందికి 12 వారాల పాటు, వారానికి మూడు సార్లు, 45 నిమిషాల చొప్పున నడక శిక్షణ ఇచ్చారు. రెండు బృందాలూ ట్రెడ్‌మిల్ మీదా, నేల మీదా నడిచాయి. తేడా ఒక్కటే, శ్రమ తీవ్రత. ఒక బృందం మధ్యస్థ శ్రమతో ఏకధాటిగా నడిస్తే, మరో బృందం తమకు సురక్షితమైన గరిష్ఠ వేగంతో అర నిమిషం నడిచి, కాస్త ఆగి, మళ్లీ నడిచింది. ఆరు నిమిషాల నడక దూరం మొదటి బృందంలో 27 మీటర్లు పెరిగితే, రెండో బృందంలో 71 మీటర్లు పెరిగింది. యంత్రం మారలేదు, సమయం మారలేదు, గుండె ఎంత పని చేసిందన్నదే మారింది. పైన చెప్పిన 2020 మార్గదర్శకాలు ఆరు నెలలు దాటిన రోగులకు మధ్యస్థం నుంచి అధిక తీవ్రత గల నడక సాధననే సిఫారసు చేస్తూ, హార్నెస్‌తో బరువు తగ్గించి నడిపించే పద్ధతిని వద్దనడానికి కారణం కూడా ఇదే: బరువు తగ్గిస్తే శ్రమ కూడా తగ్గుతుంది.

తీవ్రతను అంకెల్లో ఎలా చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. 60 ఏళ్ల వ్యక్తి గరిష్ఠ గుండె వేగం, 220 లోంచి వయసు తీసివేసే ఉజ్జాయింపు లెక్కన, నిమిషానికి 160. విశ్రాంతిలో 70 ఉందనుకుంటే, మధ్యనున్న తేడా 90. అధిక తీవ్రత అంటే ఆ తేడాలో 60 నుంచి 80 శాతం, అంటే 54 నుంచి 72. దాన్ని 70కి కలిపితే, నడిచేటప్పుడు గుండె వేగం 124 నుంచి 142 మధ్య ఉండాలి. పక్షవాతం వచ్చినవారిలో చాలామంది రక్తపోటు కోసమో, గుండె కోసమో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటారు. ఆ మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి ఈ లెక్క వారికి పనికిరాదు. వారు 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ కొలమానంలో 14 దాటేలా, అంటే "కొంచెం కష్టం" దాటి "కష్టం" వైపు వెళ్తున్నట్లు అనిపించేలా నడవాలి. ఏ పద్ధతైనా, ఇంత తీవ్రతతో మొదలుపెట్టే ముందు గుండె వైద్యుడి పరీక్ష తప్పనిసరి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం, కొత్తగా బలహీనత కనిపిస్తే ఆ క్షణమే ఆపాలి.

మొదటి వారాల్లో ఉన్నవారికి ఈ తీవ్రత పనికిరాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, పక్షవాతం వచ్చి 5 నుంచి 45 రోజులైన 200 మందికి మామూలు చికిత్సతో పాటు ట్రెడ్‌మిల్ మీద గుండె శ్రమ కలిగించే శిక్షణ అదనంగా ఇచ్చారు. పోలిక బృందానికి అదనంగా ఇచ్చింది విశ్రాంతి సాధన మాత్రమే. నడక వేగంలో ట్రెడ్‌మిల్ బృందం ముందుకు పోలేదు సరికదా, తీవ్రమైన ఆరోగ్య సమస్యలు ఆ బృందంలోనే ఎక్కువగా వచ్చాయి.

ఇంటికి ట్రెడ్‌మిల్ కొనే విషయంలో నా సలహా జాగ్రత్త వైపే మొగ్గుతుంది. వ్యాయామశాలల కోసం తయారైన చాలా ట్రెడ్‌మిల్‌లు గంటకు 0.8 లేదా 1 కిలోమీటరు వేగంతో మొదలవుతాయి. గంటకు 1 కిలోమీటరు అంటే సెకనుకు సుమారు 0.28 మీటర్లు. 10 మీటర్లు నడవడానికి 45 సెకన్లు తీసుకునే వ్యక్తికి బెల్టు కదిలిన మొదటి క్షణమే అది తన వేగాన్ని మించి ఉంటుంది. పైన హార్నెస్ లేకుండా, బట్టలకు తగిలించుకునే, లాగితే యంత్రాన్ని ఆపేసే తాడు లేకుండా ఒంటరిగా ట్రెడ్‌మిల్ ఎక్కడం ప్రమాదం. ఇంకొకటి, ఆరోగ్యంగా ఉన్న చేత్తో పక్క కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడుతూ నడిస్తే, శరీర బరువు చేతి మీదికి పోయి బలహీనమైన కాలికి సాధన దక్కదు. ఇన్ని షరతులు ఇంట్లో కుదరకపోతే అదే సమయాన్ని, అదే గుండె వేగంతో, గోడ వెంబడి వసారాలో పక్కన ఒక మనిషిని పెట్టుకుని నడవడానికి వాడితే చాలు.

పాదం ఈడ్చుకుపోతుంటే: స్ప్లింటా, కరెంటు పరికరమా?

గది గడప దగ్గర ఒక నిమిషం నిలబడి చూస్తే ఈ సమస్య తెలుస్తుంది. మంచి కాలు గడప దాటుతుంది. పక్షవాతం కాలు వెనక నుంచి వస్తుంది, మోకాలు వంగుతుంది గానీ పాదం ముందు భాగం కిందికే వాలి ఉంటుంది, చెప్పు కొన గడప అంచుకు టక్కున తగులుతుంది, మనిషి ఒక్క క్షణం ముందుకు తూలి తలుపు చెక్కను పట్టుకుంటారు. చెప్పు కొన దగ్గర ఒకే చోట అరిగిపోయి ఉంటే రోజంతా జరుగుతున్నది అదేనని అర్థం.

దీనికి పాత పరిష్కారం చీలమండను, పాదాన్ని కలిపి పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్. థెరపిస్టులు దాన్ని ఏ.ఎఫ్.ఓ. అంటారు. రెండోది, మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపె పక్కగా వెళ్లే నరానికి చర్మం మీద నుంచి చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, అడుగు ఎత్తే క్షణంలో పాదాన్ని పైకి లేపే పరికరం, దీన్ని ఎఫ్.ఇ.ఎస్. అంటారు. మడమ కింద ఉండే స్విచ్ గానీ, కాలి వంపును గుర్తించే సెన్సర్ గానీ ఎప్పుడు ప్రేరణ ఇవ్వాలో చెబుతుంది. ఆలోచన కొత్తదేమీ కాదు, 1961లోనే ఇలాంటి పరికరం గురించి ప్రచురించారు.

నడక వేగం కోసమే చూస్తే రెండూ దాదాపు సమానం. 2013లో ఫలితాలు వెలువడిన, 197 మంది పాల్గొన్న అధ్యయనంలో 30 వారాల తరువాత రెండు బృందాల వేగమూ పెరిగింది, వాటి మధ్య తేడా తేలలేదు. వాడినవారి సంతృప్తి మాత్రం విద్యుత్ పరికరం వైపే ఎక్కువగా ఉంది. కాబట్టి ఎంపిక ఇతర విషయాల మీద ఆధారపడుతుంది. బరువు మోపినప్పుడు మోకాలు కుప్పకూలేవారికి, చీలమండ పక్కకు ఒరిగిపోయేవారికి గట్టి స్ప్లింట్ మేలు, ఎందుకంటే అది మోకాలి నిలకడకు కూడా తోడ్పడుతుంది. పాదాన్ని ఎత్తడానికి పెట్టిన విద్యుత్ పరికరం ఆ పని చేయలేదు. చీలమండ నిలకడగా ఉండి, కేవలం వేళ్లే వాలిపోతున్నవారికి, చీలమండ కదలికను కోల్పోకూడదనుకునేవారికి విద్యుత్ పరికరం బాగుంటుంది. పేస్‌మేకర్ ఉన్నవారు, అదుపులో లేని మూర్ఛ ఉన్నవారు, కాలిలో రక్తం గడ్డకట్టినవారు, ప్యాడ్ అతికించే చోట చర్మం చెడినవారు దీన్ని వాడకూడదు. నడుము నరం నొక్కుకుపోవడం వల్లనో, మోకాలి దగ్గర నరం దెబ్బతినడం వల్లనో పాదం వాలిపోతుంటే ప్రేరణ అందుకునే నరమే సరిగా లేదు కాబట్టి ఇది పనిచేయదు.

అమ్మకపు కరపత్రాల్లో రాయని ఇబ్బంది ఇంకొకటి ఉంది: ఒక్క చేత్తో తగిలించుకోవడం. ప్యాడ్ ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే పాదం పైకి లేవడానికి బదులు బయటికి తిరిగిపోతుంది. రెండో చెయ్యి పనిచేయని మనిషి, రోజూ పొద్దున తనంతట తాను దాన్ని సరిగ్గా పెట్టుకోగలరా అన్నది కొనకముందే, కనీసం రెండు మూడు వారాలు అరువుగానో అద్దెకో వాడి చూసి తేల్చుకోవాలి. స్ప్లింట్‌కు కూడా తన చిక్కులు ఉన్నాయి; దానికి సరిపడా వెడల్పైన బూటు కావాలి, లోపల వాచిన పాదం ఒరుసుకుని ఎర్రబడితే స్పర్శ తగ్గిన వ్యక్తికి తెలియకపోవచ్చు, అందుకే మొదటి వారంలో రోజుకు రెండుసార్లు విప్పి చర్మం చూసుకోవాలి.

చిన్న పరికరాలు

తెర ముందు ఆడే ఆటల వ్యాయామాల విషయంలో ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ, ఎదుటి తెరలో అడ్డంకులు దాటే పద్ధతిని 2020 మార్గదర్శకాలు సమర్థించాయి. కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపే ఆట నడకకు పెద్దగా పనికిరాదు. రోబోల పేరు చెబితే కదిలిపోయే కుటుంబాలు మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ అని మోగే సాధనం) మాట వినగానే నవ్వుతారు గానీ, దాని లాభం చిన్నది కాదు. నిమిషానికి రోగి ఎన్ని అడుగులు వేస్తున్నారో ముందు లెక్కపెట్టి, ఫోన్‌లోని ఉచిత మెట్రోనోమ్‌ను అదే సంఖ్య మీద పెట్టి, రెండు కాళ్లకూ లయ కుదిరాక 5 నుంచి 10 శాతం చొప్పున పెంచుతూ పోతే చాలు. అడుగుల లెక్క చూపే చేతి వాచీల విషయంలో మాత్రం జాగ్రత్త: నెమ్మదిగా నడిచేవారి అడుగులను అవి చాలావరకు వదిలేస్తాయి. పక్షవాతం సోకని వైపు చీలమండకు కట్టుకునే పరికరమైతే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఎవరికి ఏది

ఇక కొందరు మనుషులను ఊహించుకుని చెబుతాను. పక్షవాతం వచ్చి నాలుగు వారాలైంది, ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేరు, అంటే కొలమానంలో 0. రోబో అందుబాటులో ఉంటే, ప్రయాణం మనిషిని అలసటకు గురిచేయకుండా ఉంటే, దాని కోసం ప్రయత్నించవలసింది ఈ వ్యక్తి కోసమే. అది దొరకకపోతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదే పదే చేయించడం, నిలబెట్టడం, పట్టుకుని నడిచే సమాంతర కడ్డీల మధ్య ఇద్దరి ఆసరాతో అడుగులు వేయించడం కొనసాగించాలి. ఒకరి తేలికపాటి ఆసరాతో నడవడం మొదలైన వారంలోనే రోబోను మానేసే ఆలోచన చేయాలి.

పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది, కర్రతో సెకనుకు 0.5 మీటర్ల వేగంతో నడుస్తున్నారు, బొటనవేలు నేలకు తగులుతోంది. ఇక్కడ మొదట పాదానికి ఏదో ఒక ఏర్పాటు కావాలి, ఎందుకంటే వేలు తగిలే మనిషి వేగంగా నడవడానికి భయపడతారు, భయపడుతున్నంత కాలం తీవ్రత పెరగదు. స్ప్లింటో, విద్యుత్ పరికరమో అమిరిన తరువాత వారానికి మూడు రోజులు, గుండె వైద్యుడి అనుమతితో, ట్రెడ్‌మిల్ మీద గానీ నేల మీద గానీ చెమట పట్టేలా నడక. ఇదే మనిషి రోబో గురించి అడిగితే నేను వద్దనే చెబుతాను.

రెండేళ్లయింది, వేగం 0.9 ఉంది, కానీ బయటికి వెళ్లడం మానేశారు, పావుగంట నడిస్తే అలసిపోతున్నారు. ఈయనకు కొత్త పరికరమే అక్కరలేదు. చీలమండకు అడుగుల లెక్క పరికరం ఒకటి కట్టి, మొదటి వారం ఏమీ మార్చకుండా రోజుకు ఎన్ని అడుగులు వేస్తున్నారో చూసి, తరువాత ఆ సంఖ్యను మెల్లగా పెంచుతూ, వారంలో కొన్ని రోజులు వేగంగా నడిచే చిన్న చిన్న విడతలు చేర్చాలి.

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టిన రోజున 10 మీటర్ల కొలత, వీలైతే ఆరు నిమిషాల కొలత రాసి పెట్టుకుని, నాలుగు వారాలకు మళ్లీ కొలవాలి. వేగం సెకనుకు 0.16 మీటర్లు పెరిగితే అది రోజువారీ జీవితంలో తేడా చూపగల మెరుగుదలగా పరిశోధకులు లెక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల తరువాత కూడా అంకె కదలకపోతే యంత్రాన్ని గానీ, తీవ్రతను గానీ మార్చాలని థెరపిస్ట్‌ను అడగడానికి మొహమాటపడనక్కరలేదు. రెండోసారి కొలిచే రోజున మొదటిసారి వేసుకున్న చెప్పులే వేసుకుని, అదే కర్ర పట్టుకుని, స్ప్లింట్ ఉంటే దాన్ని కూడా పెట్టుకుని, రోజులో అదే వేళకు నడవాలి. లేకపోతే ఆ రెండు అంకెలకూ పొంతన ఉండదు.